సోమయ్య చూడని దోపిడి

ఇబ్రహీంపట్నం తాసీలు కచేరీకి ఎదురుగా సోమయ్యకు పలకలు, బలపాలు, కాగితాలు అమ్మే చిన్న దుకాణం ఉండేది. హైదరాబాదు నుంచి వచ్చే ఒక తెలుగు వారపత్రికకు ఆ తాలూకాలో ఏజెంటూ అతడే, విలేకరీ అతడే. విలేకరి పనికి జీతం లేదు. వార్త పడితే కింద పేరు పడుతుంది, అంతే. నలభైకి దగ్గర పడుతున్న మనిషికి ఆ పేరంటే అంత మోజు ఎందుకుండేదో, తర్వాత తలచుకుంటే అతడికే సిగ్గేసేది.

పోలీసు చర్య జరిగి పదమూడు నెలలైంది. రజాకార్ల పీడ పోయింది, మిలిటరీ వచ్చింది. మంచాల దిక్కు గుట్టల్లో కమ్యూనిస్టు దళాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, వాటిని వెతికే లారీలూ తిరుగుతున్నాయి. ఏలేవాళ్లు మారినా రైతు కల్లం దగ్గర సర్కారు లెవీ ధాన్యం కొలుచుకోవడం మాత్రం మారలేదు. ఆ ధాన్యమంతా కచేరీ వెనక గోదాములో చేరేది. ఎండాకాలం గడవని నెలల్లో బీదలకు చవకగా అమ్మడానికే దాన్ని దాస్తున్నామని సర్కారు చెప్పేది.

అక్టోబరులో ఒక పొద్దున పోలీసు అమీను సోమయ్యను ఠాణాకు పిలిపించి, కుర్చీ వేయించి, చాయ్ తాగించాడు.

"రాత్రి కమ్యూనిస్టులు గోదాం మీద పడ్డరు సోమయ్యా. రెండు వందల బస్తాలు ఎత్తుకపోయిన్రు. ముందుండి నడిపింది బెస్త అంజిలయ్య. పొద్దుగాల్నే పట్టుకున్నం. మీ పేపర్ల మంచిగ రాయి" అన్నాడు.

సోమయ్య పోయి చూశాడు. గోదాము తాళం పగిలి ఉంది, లోపల ఖాళీగా ఉంది. అంతకు మించి చూడటానికి అక్కడ ఏమీ లేదు. దుకాణానికి వచ్చి రాయడానికి కూర్చున్నాడు. మొదట 'అమీను గారు తెలిపిన ప్రకారము' అని మొదలుపెట్టాడు. చదువుకుంటే చప్పగా ఉంది. ఇలాంటివి ఇదివరకు పంపితే మూడో పేజీలో ఒక మూలకు పడ్డాయి. ఆ మాట కొట్టేసి, 'కన్నులార గాంచిన మా విలేకరి వ్రాయునది' అని పెట్టాడు. అక్కణ్ణుంచి కలం ఆగలేదు. ముప్పైమంది సాయుధులు, చేత తుపాకి ధరించి ముందు నడిచిన అంజిలయ్య, భయకంపితులైన ప్రజలు. రాస్తున్నంతసేపూ అదంతా నిజంగానే చూసినట్టుంది.

వార్త మొదటి పేజీలో పడింది. చదువు రానివాళ్ల కోసం ప్రతి వారం దుకాణం ముందు పత్రిక చదివి వినిపించడం అతడికి అలవాటు. ఆ వారం అదే వార్త నాలుగుసార్లు చదివించుకున్నారు.

ఇరవై రోజుల తర్వాత జంగమ్మ వచ్చింది. ఆమె అంజిలయ్య భార్య. గిరాకీ పోయేదాకా అరుగు పక్కన నిలబడి, తర్వాత దగ్గరికి వచ్చింది.

"సోమయ్యన్నా, పేపర్ల మా ఇంటాయన పేరు రాసింది నువ్వేనా?"

"అవ్, నేనే."

"తుపాకి పట్టుకొని వచ్చిండని రాసినవంట. నువ్వు చూసినవా?"

"అమీన్ సాబ్ చెప్పిండు."

"గది అడుగుతలేను. నువ్వు చూసినవా అంటున్న."

సోమయ్య చేతిలో ఉన్న కాగితాల కట్టను కింద పెట్టాడు. "లేదు, చూడలే" అన్నాడు.

జంగమ్మ ఏడవలేదు. ఏడ్వడం అప్పటికే అయిపోయినట్టుంది ఆమె మొహం. "ఆయనకు అరికాళ్ల ముల్లు దిగి చీము వట్టింది. మూడు దినాల సంది మంచం దిగలే. పోలీసోళ్లు పట్టుకపోతుంటె కుంటుకుంట పోయిండు, వాడకట్టంత చూసింది. గసొంటి మనిషి గోదాం తలుపులు పలగ్గొట్టిండా?"

"మరి ధాన్యం ఎవలు ఎత్తుకపోయిన్రు?"

"గోదాముల ఏముంది ఎత్తుకపోను? నేను గా గోదాం ఊడ్సెదాన్ని. బతుకమ్మ పండుగకు ముందు మూడు దినాలు లారీలల్ల బస్తాలు పోయినయ్. గోదాం దరోగ నిలవడి ఎక్కిపిచ్చిండు. రాలిన గింజలు మేం నలుగురం ఆడోళ్లం ఊడ్సి చాటలకెత్తినం. అప్పటికే గోదాం ఖాళీ."

"ఈ ముచ్చట ఎవ్వలకూ చెప్పలేదా?"

"ఎవ్వలడిగిన్రు?"

ఆ సాయంత్రం సోమయ్య బెస్తవాడకు పోయాడు. గోదాము ఊడ్చిన మిగతా ముగ్గురిలో ఇద్దరు అతణ్ణి చూడగానే తలుపులు దగ్గరికేసుకున్నారు. సుక్కమ్మ అనే ముసలామె మాత్రం పొయ్యి ముందు నుంచి లేవకుండానే అంతా చెప్పింది. జంగమ్మ చెప్పిందే చెప్పింది. లారీలు రోజుకు రెండు వచ్చాయనీ, హైదరాబాదు షహరు దిక్కు పోయాయనీ కూడా చెప్పింది.

తిరిగి వస్తూ, మొదటి రోజే వేసుకోవలసిన ప్రశ్న సోమయ్య అప్పుడు వేసుకున్నాడు. రెండు వందల బస్తాలు మోయాలంటే తక్కువలో తక్కువ పదిహేను బండ్లు కావాలి. అతడి ఇల్లు గోదాము వెనక సందులోనే. ఎద్దు మెడలో గంట మోగినా వినిపిస్తుంది. దోపిడి జరిగిందన్న ఆ రాత్రి అతడు హాయిగా నిద్రపోయాడు.

మరుసటి వారమే బస్సెక్కి హైదరాబాదు పోయాడు. సంపాదకుడు తడి ప్రూఫుల మీద వంగి ఉన్నాడు. సోమయ్య రాసి తెచ్చిన సవరణను పై నుంచి కింది దాకా చదివి బల్ల మీద పెట్టాడు.

"సోమయ్యగారూ, మనం రాసింది అబద్ధమని మనమే అచ్చేసుకుంటే రేపటి నుంచి మనల్ని ఎవరు నమ్ముతారు?"

"ఒక మనిషి జైల్ల ఉన్నడు సార్."

"జైల్లో వేసింది మనం కాదు గదా. అమీను చెప్పాడు, మనం రాశాం."

"అమీను చెప్పిండని నేను రాయలే. నేను చూసిన్నని రాసిన."

సంపాదకుడు ప్రూఫులు పక్కకు జరిపాడు. అతడూ చెడ్డవాడేమీ కాదు. నిజాం రోజుల్లో రెండుసార్లు పత్రిక మూతపడి, అప్పులు చేసి తిరిగి నిలబెట్టిన మనిషి. గొంతు తగ్గించి అన్నాడు: "కాగితం కోటా సర్కారు చేతిలో ఉంది. ఇప్పుడు కమ్యూనిస్టులు దోచలేదంటే, మరి ఎవరు దోచారని అడుగుతారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఉంచి వెళ్లండి, చూద్దాం."

వారం వారం పత్రిక కట్ట రాగానే సోమయ్య నిలుచున్నచోటే పేజీలన్నీ తిప్పేవాడు. సవరణ ఎక్కడా లేదు. మూడు ఉత్తరాలు రాశాడు. నాలుగో వారం జవాబు వచ్చింది. ఇకపై వార్తలు పంపనవసరం లేదు, కావాలంటే ఏజెన్సీ ఉంచుకోవచ్చు అని రెండు వాక్యాలు.

అప్పుడు తానే తెల్లకాగితాల మీద పెద్ద అక్షరాలతో నాలుగు ప్రతులు రాశాడు. 'గోదాము దోపిడి నేను చూడలేదు. అంజిలయ్యను నేను చూడలేదు. చూసినట్లు రాసినది తప్పు' అని. ఒకటి దుకాణం తలుపుకు అంటించి, మిగతావి అంగడిలో అంటించాడు. అంగడి రోజున నిలబడి గట్టిగా చదివాడు కూడా. పత్రిక వార్తకు మూగినంత మంది దీనికి మూగలేదు. "అప్పుడొకటంటివి, గిప్పుడొకటంటివి. ఏది నమ్మాలె?" అని ఎడ్లబేరగాడొకడు నవ్వుకుంటూ పోయాడు. పొద్దు గుంకకముందే కాగితాలు చింపేశారు. చింపినవాళ్లు ఎవరో అతడు వెతకలేదు.

జనవరిలో సర్కారు మళ్లీ మారింది. మిలిటరీ గవర్నరు పోయి సివిల్ పాలన వచ్చిందన్నారు. లెవీ ధాన్యం ఎక్కడెక్కడ తగ్గిందో విచారించడానికి ఒక అధికారిని పంపారు. ముసాఫిరుఖానా బంగళాలో మూడు రోజులుంటాడు, తెలిసినవాళ్లు వచ్చి చెప్పుకోవచ్చు అని దండోరా వేశారు.

ఆ మాట ఇంట్లో ఎత్తగానే సోమయ్య భార్య రేణుకమ్మ చేతిలో పని ఆపేసింది.

"నువ్వు పోతె అమీను ఊకుంటడా? దుకాణం ఉంటదా?"

"ఉండకపోవచ్చు."

"మరెందుకు పోవుడు? కాగితాలు అంటిస్తివి, అంగట్ల చదివితివి, పేపరోళ్లు ఎల్లగొట్టిరి. ఇంక చాలదా?"

"గవన్ని చేసినా గాయన ఇంకా జైల్లనే ఉన్నడు గదనే" అన్నాడు సోమయ్య. వాదించే ఓపిక అతడికి లేదు. రేణుకమ్మ ఇంకేమీ అనకుండా మూట కట్టిన రెండు రొట్టెలు తెచ్చి ఇచ్చింది.

దండోరా విని వచ్చిన జంగమ్మా, సోమయ్యా పొద్దుటి నుంచి ముసాఫిరుఖానా వసారాలో కూర్చున్నారు. పటేళ్లు, పట్వారీలు, గోదాము దరోగా లోపలికి పోయి వస్తున్నారు. దరోగా పోతూ పోతూ జంగమ్మ వైపు ఒకసారి చూశాడు. ఆమె కొంగు సర్దుకుంది గానీ లేవలేదు. మూడు గంటలకు పిలుపు వచ్చింది.

అధికారి ఆంధ్ర ప్రాంతం నుంచి కొత్తగా వచ్చినవాడు. కళ్ల కింద నల్లగా ఉంది, నాలుగైదు తాలూకాలు తిరిగి వచ్చినట్టున్నాడు. సోమయ్య తన పేరు చెప్పగానే ఫైలు తీసి ఒక పేజీ అతడి వైపు తిప్పాడు. తెల్లకాగితం మీద పత్రిక ముక్క అంటించి ఉంది. కింద ఉర్దూలో అమీను రాత: ఈ దోపిడిని పత్రికా విలేకరి స్వయంగా చూశాడు.

"ఈ కేసులో సాక్ష్యమంటూ ఉన్నది ఇదొక్కటేనండి. అమీను గారి రిపోర్టుకు ఆధారం మీ వార్త. మీ వార్తకు ఆధారమేమిటి?"

"అమీన్ సాబే."

అధికారి కళ్లద్దాలు తీసి కళ్లు నలుముకున్నాడు. "ఇంకెవరూ చూడలేదా?"

"జరిగితె గద సార్, చూసెటందుకు."

"మీరు చెప్పేది రాసుకుంటాను. కానీ ఒక్కటి తెలుసుకోండి. కింద సంతకం పెడితే, అబద్ధం రాశానని మీ అంతట మీరే ఒప్పుకున్నట్టు. మీ మీద కేసు పెట్టాలనుకుంటే ఈ కాగితం చాలు."

"పెడత సార్" అన్నాడు సోమయ్య. కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టాడు.

తర్వాత జంగమ్మ చెప్పింది. ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని లారీలు, ఎవరు నిలబడ్డారు, ఎన్ని చాటల గింజలు ఊడ్చారు, అన్నీ తడుముకోకుండా చెప్పింది. అధికారి మధ్యలో రెండుసార్లు ఆపి, చెప్పింది మళ్లీ చెప్పించాడు. రెండోసారీ అంతే చెప్పింది. వేలిముద్ర వేసి, ఇంకు తుడుచుకోవడానికి ఏమీ లేక వేలు అలాగే చాపుకుని బయటికి వచ్చింది.

అమీను పదిరోజులు ఆగాడు. నిషేధించిన పుస్తకాలున్నాయని చెప్పి దుకాణం సోదా చేయించాడు. పలకలు వీధిలో పగిలాయి, కాగితాలు మోరీలో తడిశాయి. సోమయ్యను రెండు రోజులు ఠాణాలో కూర్చోబెట్టి వదిలేశారు. కొట్టలేదు. ఈసారి చాయ్ ఎవరూ ఇవ్వలేదు. పత్రిక ఏజెన్సీ ఆ నెలలోనే ఇంకొకరికి పోయింది. మిగిలిన సరుకుతో దుకాణం సగం తలుపు తెరిచి నడుపుకోసాగాడు. కచేరీ నౌకర్లు అతడి దగ్గర కాగితం కొనడం మానేశారు. అధికారి హెచ్చరించిన కేసు మాత్రం రాలేదు. సోమయ్య దాని కోసం ఏడాదిపాటు ఎదురుచూస్తూనే ఉన్నాడు.

విచారణ ఏమైందని కచేరీలో అడిగితే పైనుంచి రావాలనేవారు. ఎండాకాలం పోయింది, వానాకాలం పోయింది. దరోగాను కందుకూరుకు బదిలీ చేశారు, అదే పని మీద. చివరికి వచ్చిన హుకుంలో రెండు సంగతులున్నాయి. సాక్ష్యం చాలనందున అంజిలయ్యను విడుదల చేయాలన్నది ఒకటి. తగ్గిన రెండు వందల బస్తాలను దోపిడి కింద రాసి లెక్కల్లోంచి కొట్టివేయాలన్నది రెండోది. సర్కారు కాగితాల్లో దోపిడి అలాగే ఉంది, దోచినవాడు మాత్రం లేడు. సోమయ్య ఆ నకలును అక్కడే నిలబడి చదివి, చప్రాసీకి తిరిగి ఇచ్చేశాడు. కోపం వస్తుందేమోనని చూశాడు గానీ రాలేదు.

పద్నాలుగు నెలల తర్వాత అంజిలయ్య ఇంటికి వచ్చాడు. వారం రోజులు ఆగి సోమయ్య పోయాడు. అంజిలయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముల్లు దిగిన కాలు సరిగా మానక పాదం పక్కకు తిరిగిపోయింది. జంగమ్మ చాప పరిచింది.

"తప్పు చేసిన అంజిలయ్యా" అన్నాడు సోమయ్య.

"ఎరుకనే. జంగమ్మ చెప్పింది. నువ్వు రాసిందీ చెప్పింది, మళ్ల దస్కతు పెట్టిందీ చెప్పింది." అంజిలయ్య గొంతులో తీపీ లేదు, చేదూ లేదు. "నాకు పద్నాలుగు నెలలు పోయినయ్. గవి నువ్వు తేలేవు. నన్నేమనమంటవ్?"

సోమయ్య లేవబోతుంటే అంజిలయ్య ఆపాడు.

"నన్ను పట్టుకపోయిన నాడు వలలు గుడ ఎత్తుకపోయిన్రు. ఠాణల పడున్నయంట. ఇయ్యమని ఒక అర్జీ రాసిస్తవా?"

"రాస్త."

"నేను చెప్పినంతనే రాయాలె. ఒక్క మాట ఎక్కువద్దు."

సోమయ్య జేబులోంచి కాగితం, కలం తీశాడు. అంజిలయ్య చెప్పాడు, అతడు రాశాడు. రాసింది మొదటి నుంచి చదివి వినిపించాడు.

"మూడు వలలు అని రాసినవ్. రెండే" అన్నాడు అంజిలయ్య.

సోమయ్య మూడును కొట్టేసి రెండు అని రాశాడు. "కొత్తయా?"

"పాతయే. ఒకటి చినిగి ఉండె."

"చినిగిందని గుడ రాయాల్నా?"

"చినిగిందే గద. రాయి."

సోమయ్య రాశాడు.