ఎవుల్నడిగి ఏసినారు?

చేపల పులుసులోకి చింతపండు పిసుకుతుంటే భర్త శివరామకృష్ణ వంటింటి గుమ్మంలోకి వచ్చి, "మధ్యాహ్నం మా ప్లాంటు అర్జునరావు వాళ్ళు భోజనానికొస్తున్నారు. ఇంకో రెండు కూరలు చెయ్యి" అన్నాడు. ఆ రోజు శివరామకృష్ణకి స్టీల్ ప్లాంటులో వీక్లీ ఆఫ్.

శ్రీవల్లి చేతులు గిన్నెలోనే ఉన్నాయి. "ఇవాళ కంచరపాలెంలో నా మీటింగని వారం నుంచీ చెప్తున్నాను కదండీ."

"అయితే ఏంటంట? వండేసి వెళ్ళు. నీ మీటింగుకి ఎవరైనా అడ్డొచ్చారా?"

హాల్లో గోంగూర వలుస్తున్న అత్తగారు చిట్టెమ్మ అక్కణ్ణుంచే అందుకుంది. "వండితే సరిపోద్దా? వడ్డించేదెవరు? నా మోకాళ్ళు చూస్తే ఇలా ఉన్నాయి. కోడలు బొమ్మలేసుకోడానికి వెళ్ళిందని చెప్పాలా వచ్చినోళ్ళకి?"

జవాబిస్తే ఇంకో పావుగంట పోతుంది. శ్రీవల్లి రెండో పొయ్యి వెలిగించి వంకాయలు తరగడం మొదలుపెట్టింది. కూర్మన్నపాలెంలో బస్సు దొరకడం ఒక ఎత్తు, ఎన్.ఎ.డి. జంక్షన్ దగ్గర ట్రాఫిక్కు ఇంకో ఎత్తు. మొదటి రోజే ఆలస్యంగా వెళ్ళి, ఇంట్లో పని తెమల్లేదని చెప్పుకునే ఆడమనిషి మాట ఎవరు పట్టించుకుంటారు?

బొమ్మలేసుకోవడం. ఈ ఇంట్లో ఆమె పనికి పేరు అదే. పెళ్ళికి ముందు డాబాగార్డెన్స్‌లో ఒక ప్రెస్సులో ఆమె డిజైనర్. "ఇంట్లోనే ఉండి చేసుకోవచ్చుగా, నీకెంతసేపు!" అని శివరామకృష్ణ అన్నప్పుడు ఆ మాటలో ఆమెకు ప్రేమే వినిపించింది. ఉద్యోగం మానేసింది. ఆ తర్వాత ఆ మాట ఎంతమంది నోట విందో. ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్ కార్డు, నీకెంతసేపు. తోడికోడలి తమ్ముడి కొట్టుకి బోర్డు, నీకెంతసేపు. యూనియన్ నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ, రేప్పొద్దున్నకల్లా కావాలి, నీకెంతసేపు. అసలు ఆమెను అడిగినవాళ్ళే లేరు. అందరూ అతన్నే అడిగేవారు. "మా ఆవిడ చేసేస్తుందిలే" అని అతను మాటిచ్చి వచ్చేవాడు. ఒకసారి ఫ్లెక్సీ కింద మూలన చిన్న అక్షరాల్లో తన పేరు పెట్టుకుంటే, "తీసెయ్ అది, రోడ్డు మీద ఆడవాళ్ళ పేరేంటి, బాగోదు" అన్నాడు. తీసేసింది. తీసేస్తున్నప్పుడు కోపం కూడా రాలేదు. అలా కోపం రాకపోవడమే తర్వాత చాలాకాలం ఆమెను బాధపెట్టింది.

ఈ పని మాత్రం ఎవరూ అంటగట్టింది కాదు. వేసవిలో ఒకరోజు బీచ్ పక్కనున్న జాలర్ల పేటలో చేపలు కొంటుంటే గోడ మీద పోస్టరు కనిపించింది. ఒక ముసలావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. కింద 'నిరుపేద మత్స్యకార మహిళలకు ఉచిత వైద్య శిబిరం' అని పెద్ద అక్షరాలు, పక్కన వెలుగుతీరం అనే సంస్థ పేరు. సరిగ్గా దాని కిందే, అదే ముఖంతో ఒకావిడ కూర్చుని చేపలు అమ్ముతోంది.

"ఆ ఫొటోలో ఉన్నది మీరేనా?" అని అడిగింది శ్రీవల్లి.

కత్తిపీట మీద ఆవిడ చెయ్యి ఆగింది. ఆవిడ పేరు గంగాలమ్మ. "నానే. మా ఆయన పోయినప్పుడు ఏడుత్తంటే ఆ సంస్తోలొచ్చి పలకరించినారు. ఫోనుతో ఏటో తీసినారు. గోడకేత్తారని నాకేటి తెల్సు? ఎవుల్నడిగి ఏసినారు? మా కోడలి పుట్టింటోలు సూసి, మీ అత్త అడుక్కుంటందా అనడిగినారంట. సిగ్గుతో సచ్చిపోనాను."

"శిబిరానికి వెళ్ళారా మరి?"

"ఎవులెల్తారు? ఎల్తే మల్లీ ఫొటో తీత్తారని ఈ పేటలో ఒక్క ఆడదీ ఎల్నేదు. అదిగో, మా దేవి. దానికి రొమ్ములో గడ్డుంది. ఇద్దరు గుంటల తల్లి. సచ్చినా ఎల్లనంటంది."

పక్క బుట్ట దగ్గర కూర్చున్న దేవి తలెత్తలేదు. చేప పొలుసు గీకుతూనే ఉంది.

ఆ రోజు నుంచి శ్రీవల్లి వీలైనప్పుడల్లా పేటకి వెళ్ళింది. అడిగి, వాళ్ళు సరేనన్నాకే బొమ్మలు గీసింది. గీసింది వాళ్ళకే చూపించింది. "నా ముక్కు ఇంత లావేటమ్మా?" అని గంగాలమ్మ దెబ్బలాడితే మార్చింది. దేవి మొదట్లో మొహం తిప్పుకునేది. తర్వాత ఒకనాడు తనంతట తనే వచ్చి పక్కన కూర్చుని, "నన్నూ గియ్యి. ఏడుత్తున్నట్టు మాత్రం గియ్యకు" అంది.

ఇంటికొచ్చాక, అందరూ టీవీ ముందున్నప్పుడు, ఆ సంస్థ గురించి దొరికిందల్లా చదివింది. వాళ్ళు ఏ పనులు చేస్తారు, ఎక్కడ వెనకబడుతున్నారు, నిధుల కోసం కొత్త ప్రాజెక్టులు ఎప్పుడు రాస్తారు, అన్నీ. తనేమి చెయ్యగలదో చెప్పుకునే ముందు వాళ్ళకేం కావాలో తెలుసుకోవాలనుకుంది. ప్రోగ్రాం ఆఫీసరు శ్రీసత్యకి ఈమెయిల్లో తన గొప్పలేవీ రాయలేదు. 'మీ శిబిరానికి పేట ఆడవాళ్ళు ఎందుకు రావడం లేదో నాకు తెలిసింది. అరగంట సమయం ఇవ్వండి' అని మాత్రం రాసింది. ఆ సాయంత్రమే జవాబొచ్చింది.

వంట ముగించి, గిన్నెల మీద మూతలు పెట్టి, చీర మార్చుకుని పరుగున బయటపడింది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక గాని తెలియలేదు, చేతులకి ఇంకా పులుసు వాసన వస్తోందని.

వెలుగుతీరం ఆఫీసు కంచరపాలెంలో రైలు పట్టాల దగ్గర ఒక మేడ మీద. దాన్ని నడిపే భీమశంకరరావుగారు పోర్టులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. తెల్లటి జుట్టు, మర్యాదైన మాట. "రండమ్మా, కూర్చోండి" అని తనే కుర్చీ జరిపారు. శ్రీసత్య చిన్నపిల్ల, ముప్పై కూడా ఉండవు.

శ్రీవల్లి ల్యాప్‌టాప్ తెరిచి ముందు వాళ్ళ పోస్టరే చూపించింది. గంగాలమ్మ అన్న మాటలు ఆవిడ అన్నట్టే చెప్పింది. భీమశంకరరావుగారి ముఖం కాస్త ఎర్రబడింది. శ్రీసత్య తల దించుకుంది. ఆ తర్వాత శ్రీవల్లి బొమ్మలు తెరిచింది. బుట్ట నెత్తిన పెట్టుకుని ఆటోవాడితో బేరమాడుతున్న గంగాలమ్మ. ఇద్దరు పిల్లల మధ్య నిలబడి నేరుగా చూస్తున్న దేవి. ఆసుపత్రి బల్ల ముందు కూర్చుని డాక్టరమ్మకే ప్రశ్నలేస్తున్న ఆడవాళ్ళు. ఎవరి కళ్ళలోనూ నీళ్ళు లేవు.

"ఇది మీతో కలిసి చేద్దామని వచ్చాను" అంది. "ఫొటోలుండవు, బొమ్మలే. ప్రతి బొమ్మా ముందు వాళ్ళు చూసి ఒప్పుకోవాలి, తర్వాతే గోడెక్కాలి. పాత పోస్టరు తీసెయ్యాలి. శిబిరంలో ఎవరూ ఫోను బయటికి తియ్యకూడదు. మీ కొత్త ప్రాజెక్టులో దీన్నొక పనిగా రాయండి, జీతమిచ్చే పనిగా. బొమ్మల కింద నా పేరుండాలి."

"సర్, ఆ ప్రాజెక్టు దాతలకి శుక్రవారం పంపాలి కదా. ఇప్పుడైతే రాయొచ్చు, పంపేశాక కుదరదు" అంది శ్రీసత్య, గొంతులో ఆత్రం దాచుకోలేక.

భీమశంకరరావుగారు నవ్వారు. "బాగున్నాయమ్మా, చాలా బాగున్నాయి. కానీ ఈ జీతం, పేరు... మీ ఆయన నిన్న నాకు ఫోన్ చేశారు కదా. ప్లాంటులో ఎవరి దగ్గరో నా నంబరు తీసుకున్నారట. 'మా ఆవిడకి కాలక్షేపంగా ఉంటుంది సార్, ఏమీ ఇవ్వక్కర్లేదు, నాలుగింటికల్లా ఇంటికి పంపించేస్తే చాలు' అన్నారు. నేనూ సరేనన్నాను."

శ్రీవల్లి చేతులు కీబోర్డు మీద అలాగే ఉండిపోయాయి. కింద ఎక్కడో గూడ్సు బండి పోతోంది, డబ్బా వెనక డబ్బా, ఎంతకీ తరగకుండా. ఆ చప్పుడు ఆగాలని ఆమె ఎదురుచూసింది. ఆగితే ఏం చెయ్యాలో తోస్తుందేమోనని. నిన్న ఫోన్ చేశాడట. నిన్న రాత్రి అన్నం తింటూ తన ఎదురుగానే కూర్చున్నాడు, చారులో ఉప్పు తక్కువైందన్నాడు, ఈ మాట మాత్రం అనలేదు. చెడ్డవాడు కాదు, ఆ మాట అందరూ అంటారు, తనూ అనుకుంది. తాగడు, కొట్టడు, జీతం తెచ్చి ఇంట్లోనే పెడతాడు. ఇప్పుడు అడిగినా, 'నీ మేలుకే కదా చేశాను' అంటాడు, నిజంగా అలాగే అనుకుంటాడు కూడా. పక్కింటివాళ్ళకి నిచ్చెన ఇచ్చినట్టు, వాడుకుని సాయంత్రానికి తిరిగి పంపించమని తనను ఇచ్చాడు. ఈయన పుచ్చుకున్నారు. ఇద్దరు మగవాళ్ళు మర్యాదగా మాట్లాడుకున్నారు, అంతే. గంగాలమ్మ ఏడుస్తుంటే ఫోనుతో తీసినవాడు కూడా మర్యాదగానే పలకరించి ఉంటాడు. ఒంటి మీద చెయ్యి పడకుండానే ఇంత అవమానం జరుగుతుందని ఎవరికి చెబితే నమ్ముతారు?

గూడ్సు పోయింది.

"మా ఆయన స్టీల్ ప్లాంటులో పనిచేస్తారండీ" అంది. "ఆయన ఊరికే చేస్తానంటే ఆ పని చేయించుకోండి. నా పని గురించి మాట్లాడ్డానికి నేనొచ్చాను."

"కోపం తెచ్చుకోకండమ్మా. మాది సేవాసంస్థ..."

"మీకు జీతం లేదా?" అని శ్రీసత్య వైపు తిరిగి అడిగింది. శ్రీసత్య "ఉంది మేడమ్" అంది మెల్లగా.

భీమశంకరరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సరే, అదలా ఉంచండి. ఆ ఫొటో తీసేస్తే దాతలు ఏం చూసి కరుగుతారు చెప్పండి? కన్నీళ్ళుంటేనే చేతులు కదుల్తాయి."

"ఆ కన్నీళ్ళు గంగాలమ్మవి. మీరు అడగలేదు." ల్యాప్‌టాప్ మూసింది. "శుక్రవారం దాకా చూస్తాను. కాదంటే ఈ బొమ్మలు ఇంకో సంస్థకి చూపిస్తాను. దేవిని మాత్రం ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. అందుకు మన ఒప్పందంతో పనిలేదు."

రోడ్డు మీదకొచ్చాక, తను అన్నవన్నీ నిజంగా పైకే అన్నదా అని అనుమానం వచ్చింది. పని పోయినట్టేనని కూడా అనిపించింది. అయినా ఇంటికి వెళ్ళే బస్సెక్కలేదు. పేట వైపు వెళ్ళే ఆటో ఎక్కింది.

దేవి వెంటనే రాలేదు. "ఫొటోలు తీత్తారేటి?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. "నేను పక్కనే ఉంటాను. ఎవరైనా ఫోను తీస్తే నేను లాక్కుంటాను" అంది శ్రీవల్లి. గంగాలమ్మ దేవి బుట్టని తన వైపు లాక్కుంటూ, "నీ సేపలు నానమ్ముతాను. లెగు, లెగవే!" అని కసిరింది. పెద్దాసుపత్రి వరండాలో ఇద్దరూ చాలాసేపు కూర్చున్నారు. శివరామకృష్ణ ఫోను మోగుతూనే ఉంది. శ్రీవల్లి తీయలేదు. సూదితో ముక్క తీసి పరీక్షకి పంపారు, ఫలితం వచ్చేదాకా ఏమీ చెప్పలేమన్నారు డాక్టరమ్మ. "త్వరగానే వచ్చారు, అది మంచిది" అని మాత్రం అన్నారు. బయటికొచ్చాక దేవి శ్రీవల్లి చెయ్యి పట్టుకుంది. రోడ్డు దాటాక కూడా వదల్లేదు.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. సింకు నిండా ఎంగిలి కంచాలు, గట్టు మీద ఖాళీ గిన్నెలు. ఒక్కటీ కదల్లేదు.

"నాలుక్కల్లా వస్తావనుకుంటే ఇదా రావడం?" అన్నాడు శివరామకృష్ణ. "ఫోనెందుకు తియ్యవు? అర్జునరావు పెళ్ళాం వడ్డించింది తెలుసా? నా పరువేం కావాలి?"

"భీమశంకరరావుగారికి ఎందుకు ఫోన్ చేశారు?" అని అడిగింది.

"నీ మేలుకే కదా. నేను చెప్తే మాట వింటారని..."

అప్పుడే అతని ఫోను మోగింది. పేరు చూసి, ఆమె వైపు 'చూశావా' అన్నట్టు చూసి స్పీకరు పెట్టాడు. భీమశంకరరావుగారి గొంతు. "శివరామకృష్ణ గారూ, మీ ఆవిడ బొమ్మలు మావాళ్ళందరికీ నచ్చాయండీ. ప్రాజెక్టులో పెట్టాల్సిందేనని మా శ్రీసత్య పట్టుబట్టింది. పోస్టరు తీయించేస్తున్నాను కూడా. ఆ జీతమూ పేరూ దగ్గరే కాస్త... మీరొక మాట చెప్తే తగ్గుతారేమోనని."

"అయ్యో, నే చెప్తాను కదండీ! దానికివన్నీ ఏం తెలుసు. పేరూ వద్దు, ఏమీ వద్దు. చేసేస్తుంది, దానికెంత..."

శ్రీవల్లి అతని చేతిలోంచి ఫోను తీసుకుంది. లాక్కోలేదు, తీసుకుంది. చిట్టెమ్మ గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"శ్రీవల్లిని మాట్లాడుతున్నానండీ. ఇది మా ఆయన నంబరు. నా నంబరు శ్రీసత్య గారి దగ్గరుంది. నా పని గురించైతే దానికి చెయ్యండి." ఫోను కట్ చేసి బల్ల మీద పెట్టింది.

"పెద్దమనిషితో అలాగేనా మాట్లాడ్డం? ఇంక నీకు ఫోన్ చేసినట్టే ఆయన" అంది చిట్టెమ్మ. శ్రీవల్లికీ అలాగే అనిపిస్తోంది. అయినా కంచాల వైపు వెళ్ళలేదు. హాలు మధ్యలో, చెప్పుల దుమ్ము ఇంకా పాదాల మీద ఉండగానే, నిలబడి ఉంది.

ఆమె సంచీలో ఫోను మోగింది.

తీసి చూసింది, వెలుగుతీరం నుంచి. ఇద్దరూ తననే చూస్తున్నారు. వరండాలోకి నడిచి, వెనక తలుపు దగ్గరగా వేసి, "శ్రీవల్లిని. చెప్పండి" అంది.