పెద్ద చక్రం, ఇరుకు సందు

టైలరమ్మ ఆశ ఒక్కటే. తమ తెరచాప పడవ నీళ్లలో తిరిగేటప్పుడు చక్రం తన చేతిలో ఉండాలి. ఆ తెరచాపలు కుట్టింది తనే కదా! కానీ ఆ మాట భర్తతో అనలేదు. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి దగ్గర స్టీరింగు అడగడమా? నవ్వుతాడని భయం. పైగా కత్తెర ఆడించి ఆడించి ఆమె కుడి మణికట్టు అరిగిపోయింది. సీసా మూత తిప్పాలన్నా ఆయన్నే కేకెయ్యాలి.

పాత పడవల సామాను అమ్మే ముసలాయన రెండు చక్రాలు తెచ్చి ముందు పెట్టాడు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.

"నీళ్లలో చుక్కాని ఎంత మొండికేస్తే అంత బరువు చేతి మీద పడుతుందమ్మా. చక్రం పెద్దదైతే చేతికి తేలిక. కాకపోతే చోటు తినేస్తుంది," అన్నాడు.

"చిన్నది చాలండీ," అన్నాడు డ్రైవరు. "బస్సుల్ని తిప్పిన చేతులివి. పెద్దది బిగిస్తే దాని పక్కనుంచి మనిషి దాటేదెలా?"

టైలరమ్మ వెంటనే అడ్డుపడింది. "పెద్దదే తీసుకుందామండీ. చూడ్డానికి నిండుగా ఉంది."

"చూస్తూ కూర్చోడానికి గోడ గడియారమా అది?"

"సరే, కొలిచే చూద్దాం. పక్కకి తిరిగి నిలబడండి," అంటూ ఆమె మెడలోని టేపు తీసింది. పడవ కొలతలన్నీ ఆమెకు నోటికే వచ్చు. పెద్ద చక్రం పెడితే దానికీ, పడవలో కూర్చునే బల్లకీ మధ్య ఎంత సందు మిగులుతుందో అప్పటికే లెక్కేసేసింది.

కొలతకి నిలబడ్డ మగవాడెవడైనా ముందు పొట్ట లోపలికి లాక్కుంటాడు. షాపులో అయితే టైలరమ్మ "పిల్లలు బాగున్నారా?" అని పలకరించేది. అతను జవాబు చెప్పేలోగా పొట్ట తన చోటికి తాను వచ్చేసేది. అప్పుడు పెట్టేది టేపు. అందుకే ఆమె కుట్టిన ప్యాంటుకి బొత్తాం తెగిందన్న ఫిర్యాదు లేదు. ఆ రోజు మాత్రం డ్రైవరు ఊపిరి బిగబట్టి నిలబడితే, ఆమె పలకరించలేదు. గబగబా వీపు నుంచి పొట్ట దాకా కొలిచేసి, "సరిపోతుంది, ఇంకా వేలెడు మిగులుతుంది," అంది. కట్టుకున్నవాణ్ని మోసం చేశానే అని మనసు పీకుతున్నా, టేపు మళ్లీ మెడలో వేసుకుంది.

పెద్ద చక్రమే బిగించారు. పడవ నీళ్లలో దిగిన రోజు గాలి హాయిగా వీస్తోంది. చక్రం తనకిమ్మని అడిగేవాళ్లెవరూ లేకపోయేసరికి డ్రైవరు తిన్నగా వెళ్లి చక్రం వెనక నిలబడ్డాడు. టైలరమ్మ ముందు కూర్చుని తెరచాప తాడు లాగబోతే అది చిక్కుపడింది.

"ఉండు, నేనొస్తున్నా," అని ఆయన పొట్ట బిగబట్టి సందులోకి దూరాడు. సగం దాటాడో లేదో, పక్కనుంచి వెళ్తున్న పడవలో ఒక పెద్దమనిషి, "కొత్త పడవాండీ?" అని అడిగాడు.

"అవునండీ!" అన్నాడు డ్రైవరు సంబరంగా. అంతే, ఇరుక్కుపోయాడు.

పొట్ట ఆనుకున్న చక్రం ఇక అటూ ఇటూ కదలదు. పడవ గానుగెద్దులా ఒక్కచోటే తిరగసాగింది. టైలరమ్మ ఆయన చెయ్యి పట్టుకుని లాగింది, నవ్వింది, మళ్లీ లాగింది. ఆయన బయటపడి బల్ల మీద కూలబడ్డాక ఆమెకు ఏడుపొచ్చింది.

"తప్పు నాదేనండీ. మీరు పొట్ట బిగబట్టారని తెలిసే కొలిచాను. చిన్న చక్రం నా చేత్తో తిరగదు. ఒక్కసారి నేను నడపాలని..."

"ముందే చెప్పి ఏడవచ్చుగా!"

"నవ్వుతారేమోనని."

"నవ్వడానికి నాకు మొహమెక్కడిది? ఊరంతా చూస్తుండగా ఇరుక్కున్నది నేను!"

ఒడ్డుకి చేరాక ఆమె, "పెద్దది తిరిగిచ్చేసి చిన్నది తెచ్చుకుందాం," అంది. డ్రైవరు వినిపించుకోలేదు. రంపం తెచ్చాడు. ఆ బల్ల ఆయన స్వయంగా చేసినది. రోజుల తరబడి నునుపు పట్టించి, తడి తువ్వాలు కూడా ఎవర్నీ వెయ్యనివ్వని బల్ల. దాని మూల మీద పెన్సిలుతో గీత గీశాడు.

"అయ్యో, అదెందుకు కొయ్యడం?" అందామె.

"చొక్కా బిగుతైతే నువ్వు మనిషిని కోస్తావా, చొక్కా కుట్లు విప్పి సరిచేస్తావా?" అని రంపం ఆడించాడు.

మర్నాడు చక్రం వెనక టైలరమ్మ నిలబడింది. గాలి తెరచాపని పట్టుకోగానే చుక్కాని మొండికేసింది. భయంభయంగా తిప్పింది. మణికట్టు కిమ్మనలేదు. ఆమె సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

మూల తెగిన బల్ల మీద డ్రైవరు కూర్చున్నాడు. అల వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు బ్రేకు కోసం వెతుక్కుంటోంది.

"ఎటు తీసుకెళ్తున్నావోయ్?" అని అడిగాడు.

ఎటన్నది ఆమె ఇంకా ఆలోచించలేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఎటు వెళ్లాలన్నది ఆయనే చెప్పేవాడు, ఆమె ఎక్కి కూర్చునేది.

"నా ఇష్టం," అంది టైలరమ్మ. ఆ మాట బాగుందనిపించి, ఇంకోసారి గట్టిగా అంది.