మంగు మచ్చల నలుగుపిండి

గురువారం పొద్దున్నే కనకలక్ష్మి పదిహేడో అంతస్తు బాల్కనీలోంచి నాలుగోసారి కిందికి తొంగి చూసింది. గేటు దగ్గర మమత లేదు. ఆమె నిలబడే చోట ఎవరో పెద్ద మీసాలాయన నిలబడి కార్లకు సెల్యూట్ కొడుతున్నాడు. ఆవిడ వంటింట్లోకొచ్చి పాలు చూసింది. పొంగడానికి ఇంకా టైముందిలే అనుకుని మళ్ళీ బాల్కనీలోకి వెళ్ళింది. ఈలోపు పాలు పొంగి స్టవ్వంతా పారాయి.

కాలుగాలిన పిల్లిలా ఏమిటా తిరగడం అన్నాడు సోమేశ్వరరావు, పేపర్లోంచి తలెత్తకుండా. ఆవిడ జవాబు చెప్పలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ జవాబు చెప్పని సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అందుకని ఆయన పేపరు దించి భార్య ముఖంలోకి చూశాడు. అప్పటికే ఆవిడ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉంది. మమత ఫోన్ స్విచాఫ్.

ఆయనకు సంగతి తెలియదు. మనం మాత్రం తెలుసుకోవాలి కదా, చెబుతాను.

కనకలక్ష్మి కాకినాడలో జిల్లా పరిషత్ ఆఫీసులో ముప్పై మూడేళ్ళు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. ఒకళ్ళకి పని పురమాయించకుండా, ఒకళ్ళ తప్పు దిద్దకుండా ఆవిడకు పొద్దు గడవదు. కూతురు దేవిశ్రీ దగ్గరికి కోకాపేట వచ్చాక సంతకం పెట్టడానికి ఫైలు లేదు, కసరడానికి గుమస్తా లేడు. నాలుగు నెలలు చేతులు నలుపుకుంటూ కూర్చుంది. అప్పుడు దేవిశ్రీకి గడ్డం మీద మొటిమలు లేచాయి. క్రీములు పారేయించి, వేపాకు పొడీ ముల్తానీ మట్టీ రోజ్ వాటర్లో కలిపి పట్టించింది. నెలకి తగ్గాయి. ఎదురింటావిడ చూసింది. ఇంక చెప్పేదేముంది, ఏడాది తిరిగేసరికి మూడు టవర్ల ఆడవాళ్ళకూ కనకలక్ష్మి ఆంటీ చెప్పిందే వేదం.

ఆవిడ పద్ధతులు ఆవిడకున్నాయి. తన దగ్గరికి ఎవరొచ్చినా నిద్ర లేచిన ముఖంతో, నీళ్ళు కూడా చల్లుకోకుండా రావాలి. వంటింటి కిటికీ పక్క స్టూలు మీద కూర్చోబెట్టి, నుదుటి మీద, ముక్కు మీద, చెంపల మీద టిష్యూ పేపరు అద్ది, దాన్ని వెలుతురుకి ఎత్తి చూస్తుంది. అన్ని చోట్లా నూనె మరకలుంటే జిడ్డు చర్మం, ముల్తానీ మట్టి. ఎక్కడా మరక లేకపోతే పొడి చర్మం, నానబెట్టిన బాదం నూరి మీగడతో. నుదురూ ముక్కూ మాత్రమే మెరిస్తే రెండూ కలిసిన రకం, పెసరపిండీ పెరుగూ. రీల్స్ చూసి ముఖానికి నిమ్మకాయ రుద్దుకున్నామని ఎవరన్నా అన్నారో, వాళ్ళ పని అయిపోయినట్టే. ఎవరికేమిచ్చినా ముందు మోచేతి మడతలో ఇంత రాసి, ఒక పూట ఆగి, దద్దురు రాలేదని చూపించాకే ముఖం.

మంగు మచ్చలకి మాత్రం వేరే పిండి. అది వాళ్ళమ్మ చేసేది. పెసలు, కచ్చూరాలు, ఎండిన కమలాపండు తొక్కలు, కస్తూరి పసుపు, వాటితోపాటు బావంచాలు. బావంచాలంటే నల్లటి చిన్న గింజలు, మూలికల కొట్లో దొరుకుతాయి, చర్మానికి మందు. అన్నీ ఎండబెట్టి, మిక్సీ పట్టి, పల్చటి గుడ్డలో జల్లించి డబ్బాకెత్తుతుంది. తొమ్మిదో అంతస్తు సంధ్యకి చెంపల మీద మంగు సగానికి సగం తగ్గింది. అప్పట్నుంచి ఆ డబ్బా అంటే కనకలక్ష్మికి కాస్త గర్వం కూడా.

ఈ సంధ్యే పోయిన ఆదివారం వచ్చినప్పుడు ఒక మాట అంది. పక్కనే ఉన్న ఆఫీసు టవర్లో ఆమె అడ్మిన్ మేనేజరు. ఫ్రంట్ డెస్క్ మీద ఒకమ్మాయి కావాలి, మన గేటు దగ్గర ఉండే మమతని శుక్రవారం పదకొండింటికి ఒకసారి వచ్చి కలవమని చెప్పండి ఆంటీ అంది. అంతే, అంతకుమించి ఒక్క ముక్క అనలేదు. మమత కర్ణాటక సరిహద్దులో నారాయణపేట వైపు పిల్ల. ఇంటర్ పాసై, పెళ్ళై, మొగుడు క్యాబ్ నడుపుతుంటే తను సెక్యూరిటీ యూనిఫాం వేసుకుని మూడేళ్ళుగా ఈ గేటు కాస్తోంది. పన్నెండు గంటలు నిలువుకాళ్ళ మీద. ఏసీలో కుర్చీలో కూర్చునే ఉద్యోగమంటే ఆమెకు మాటలా?

ఆ సాయంత్రమే కనకలక్ష్మి మమతను పైకి పిలిచి కబురు చెప్పింది. ఆ పిల్ల ముఖం చాటంతైంది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకుంటే ఆవిడ కనకలక్ష్మి ఎందుకవుతుంది? స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని వెలుతురుకి తిప్పి చూసి, "ఈ మచ్చలతో ఫ్రంట్ డెస్క్ మీద ఎవరు కూర్చోబెడతారమ్మాయ్? ముందు ఈ ముఖం సంగతి చూడాలి" అంది.

మమత చెంప తడుముకుంది. ఆ మాట ఎవరో మొదటిసారి చెప్పినట్టు తడుముకుందని అప్పుడు కనకలక్ష్మి గమనించలేదు.

మంగు పిండి మోచేతికి ఇంత రాసి, కాస్త పొట్లం కట్టిచ్చి పంపింది. ఏ దద్దురూ రాలేదని మర్నాడు పొద్దున్నే మమత ఫోన్ చేసింది. సరే, రోజూ డ్యూటీకొచ్చే ముందు అరగంట పట్టించి కడుక్కోమంది. మంగళవారం సాయంత్రం కూరగాయలకని కిందికి దిగితే, మొకం జర మంట లేస్తుందమ్మా అని మెల్లగా చెప్పింది మమత. మందు పనిచేస్తోందన్నమాట, మజ్జిగ తాగు, రేపు ఇంకోసారి పట్టించు అంది ఈ మహాతల్లి. బుధవారం పట్టించుకుంది. గురువారం గేటు దగ్గర లేదు.

అదీ సంగతి.

ఎనిమిదింటికి ఇక ఆగలేక కనకలక్ష్మి చెప్పులేసుకుని కిందికి దిగింది. లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగుతుంటే ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. మీసాలాయన పేరు యాదయ్య, మమత వాళ్ళ పక్క ఊరే. మమతకు మొకమంతా వాచిందట, నిన్న రాత్రి దవాఖానకు పోయి సూది వేయించుకున్నదట, నార్సింగిలో ఫలానా సందులో కిరాయికి ఉంటరని చెప్పాడు. ఆవిడ ఇంట్లో చెప్పకుండానే ఆటో ఎక్కింది.

నార్సింగి ఎంత దూరమని? అయినా ఆటో కదిలినట్టే లేదు. ఏమై ఉంటుంది, పెసరపిండి పడలేదా, పసుపులో ఏమన్నా కల్తీయా, మోచేతికి పడినది ముఖానికెందుకు పడదు? సంధ్యకి పడింది, ఇంకా ఎందరికో పడింది. కారు అడ్డమొచ్చిన ప్రతిసారీ ఆటో అతన్ని కసురుకుంది. పాపం అతనేం చేస్తాడు.

మమత చున్నీ ముఖానికి కప్పుకుని తలుపు తీసింది. కనకలక్ష్మి ఆ చున్నీ తనే తొలగించి చూసింది. చెంపలు కమిలిపోయి నల్లగా ఎర్రగా ఉన్నాయి. చెంప ఎముకల మీద బొబ్బలు లేచాయి. కళ్ళు సగమే తెరుచుకుంటున్నాయి. పిండి ఎక్కడిదాకా పూసిందో అక్కడిదాకానే, దవడ అంచున గీత గీసినట్టు. మెడ ఎప్పటిలాగే నున్నగా ఉంది.

డాక్టరు ఏమడిగింది, నువ్వేం చెప్పావు అని ఆరా తీసింది కనకలక్ష్మి. మమత తలొంచుకుంది. ఏమన్నా పూసుకున్నవా అని డాక్టరమ్మ రెండుసార్లు అడిగిందట. ఏం పూసుకోలేదు, వంకాయకూర తిన్నానని చెప్పిందట.

"ఎందుకే అలా చెప్పావు?"

"మీ పేరు బద్నాం అయితది గదమ్మా," అంది మమత. "మంది మీ తానకు రారు."

కనకలక్ష్మి ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఎన్ని తప్పులు దిద్దింది, ఎందరికి మెమోలిచ్చింది. తన తప్పును ఇంకొకళ్ళు ఇలా కొంగు కింద దాయడం ఎన్నడూ ఎరగదు. సిగ్గుతో చచ్చిపోయింది. పద అని మమత చెయ్యి పట్టుకుని వచ్చిన ఆటోలోనే ఆ డాక్టరమ్మ క్లినిక్కి తీసుకెళ్ళింది.

డాక్టరు చిన్నపిల్ల, దేవిశ్రీ ఈడుది. కనకలక్ష్మి కూర్చోకుండానే మొత్తం చెప్పేసింది. వంకాయ కాదమ్మా, నేనిచ్చిన పిండి, అందులో ఇవీ ఇవీ ఉన్నాయని వరసగా అప్పజెప్పింది. బావంచాల దగ్గర డాక్టరు రాయడం ఆపింది. పూసుకున్నాక ఈమె ఎండలోకి వెళ్ళిందా అని అడిగింది. గేటు దగ్గర సెక్యూరిటీ అమ్మా, పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఎండలోనే అంది కనకలక్ష్మి. అదే అంది డాక్టరు. ఆ గింజల్లో ఉన్న గుణమే అంతట, ఎండ తగిలిందంటే చర్మం కాలినట్టు కాలుతుందట. మోచేయి యూనిఫాం చేతుల కింద ఉంది కాబట్టి ఏమీ కాలేదు. బొబ్బలు రెండు వారాల్లో మానతాయి, నలుపు పోవడానికి నెలలు పట్టొచ్చు, అప్పటిదాకా ఎండ తగలకూడదని చెప్పి మందులు మార్చి రాసింది.

అప్పుడు కనకలక్ష్మికి వాళ్ళమ్మ గుర్తొచ్చింది. నలుగు పెట్టిన రోజు పిల్లల్ని గడప దాటనిచ్చేది కాదు. ఎండపొద్దు వాలేదాకా ఇంట్లోనే కూర్చోవాలి. ఎందుకంటే చెప్పేది కాదు, బహుశా ఆవిడకూ తెలియదు. జలుబు చేస్తుందని కాబోలు, చాదస్తం అనుకుని కనకలక్ష్మి ఉద్యోగంలో చేరినప్పుడే ఆ నియమాన్ని వదిలేసింది. పిండిని మాత్రం పట్టుకుంది. టవర్ల ఆడవాళ్ళు పిండి కడుక్కుని లిఫ్టెక్కి, సెల్లార్లో కారెక్కి, ఏసీలో దిగుతారు. వాళ్ళకి ఎండ ఎక్కడిది? ఇన్నాళ్ళూ ఆవిడ చెయ్యి మంచిదని అందరూ అన్నది అందుకే.

సాయంత్రం టవర్ల ఆడవాళ్ళ గ్రూపులో మెసేజ్ రాసింది. రాసి చెరిపింది. మళ్ళీ రాసి, మమత పేరు లేకుండా మార్చి, అదీ చెరిపింది. చివరికి ఉన్నదున్నట్టు రాసింది. మంగు పిండి ఎవరూ వాడొద్దు, అది పూసుకుని ఎండలో నిలబడ్డ మన గేటు మమత ముఖం కాలిపోయింది, తప్పు నాది అని. డబ్బాలో పిండి మొత్తం చెత్తలో పోసింది. అయినా మనసు కుదుటపడలేదు. హాల్లోంచి వంటింటికీ, వంటింట్లోంచి హాల్లోకీ తిరుగుతూనే ఉంది. పిండి పోయిందిలే, శుక్రవారం పదకొండు గంటల సంగతేమిటి? మూడేళ్ళకి దొరికిన అవకాశం ఆ పిల్లకి. తన చేత్తో తనే పాడుచేసింది.

శుక్రవారం పొద్దున్నే ఫోన్ చేస్తే రానంది మమత. ఈ మొకమేసుకుని ఎట్ల వస్తనమ్మా అంది. కనకలక్ష్మి వినలేదు. నువ్వు నోరు విప్పక్కర్లేదు, నేనే చెబుతాను, తగ్గేదాకా ఆ ఉద్యోగం ఇంకెవరికీ ఇవ్వొద్దని కాళ్ళు పట్టుకునైనా అడుగుతానంది. ఆ మాట ఆవిడ నోటి వెంట రావడం విని సోమేశ్వరరావు నివ్వెరపోయాడు. కారు తనే తీసి ఇద్దర్నీ దింపొచ్చాడు.

సంధ్య తన గదిలోకి పిలిచింది. మమత మాస్కు పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చుంది. సంధ్య రెండు ప్రశ్నలు అడిగిందో లేదో, కనకలక్ష్మి అందుకుంది. ఇది రోగం కాదమ్మా, అంటుకునేది కాదు, గ్రూపులో చూసే ఉంటావు, నా వల్ల జరిగింది, నెలా రెండు నెలలు ఆగితే ముఖం మామూలుగా అయిపోతుంది, అప్పటిదాకా ఆ కుర్చీ దీనికి ఉంచు అంటూ ఊపిరి తీసుకోకుండా చెప్పింది.

సంధ్య మంచినీళ్ళ గ్లాసు ఆవిడ ముందుకి జరిపింది. మమతని మాస్కు తీయమంది, చూసింది, చాలా నొప్పిగా ఉందా అని అడిగింది. తర్వాత కనకలక్ష్మి వైపు తిరిగింది.

"ఆంటీ, మమతని నేను ఎప్పుడో అనుకున్నాను. పోయిన నెల బెంగళూరు నుంచి వచ్చిన పెద్దాయన ఫ్లాటు నంబరు మర్చిపోయి గేటు దగ్గర కంగారు పడుతుంటే, కన్నడంలో మాట్లాడి, కూర్చోబెట్టి, వాళ్ళబ్బాయి నంబరు కనుక్కుంది. హిందీ వాళ్ళతో హిందీ, మనతో తెలుగు. ఎంతమంది అరిచినా గొంతు లేవదు. నాకు డెస్క్ మీద అలాంటి మనిషి కావాలి. బొబ్బలు మానాక వచ్చి చేరమనండి, చాలు."

"అది కాదు సంధ్యా, ఫ్రంట్ డెస్క్ అంటే ముఖం చూస్తారు కదా అని..."

"ముఖం సంగతి ఎవరన్నారు ఆంటీ?"

మమత మెల్లగా తల తిప్పి కనకలక్ష్మి వైపు చూసింది. చూసి, మళ్ళీ తల దించుకుంది. ఆ తర్వాత సంధ్య చేరాల్సిన తేదీ, తేవాల్సిన కాగితాలు అన్నీ చెబుతుంటే మమత ఒక్కొక్కటే ఫోన్లో రాసుకుంది.

ఇద్దరూ బయటికొచ్చి లిఫ్టు కోసం నిలబడ్డారు. పొద్దుణ్ణుంచీ కాలు ఒకచోట నిలవని కనకలక్ష్మి ఇప్పుడు కదల్లేదు. ఉద్యోగం వచ్చింది, సంతోషపడాలి. పడాలనే చూసింది. పక్కన మమత మాస్కు చేతిలో పట్టుకుని, లిఫ్టు తలుపుల స్టీలు మీద కనిపిస్తున్న తన ముఖాన్ని చూసుకుంటోంది.

"అమ్మా," అంది మమత. ఆ గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "అయితే ముందుగాల నా మొకం మంచిగనే ఉండెనా?"

"బాగానే ఉండేది తల్లీ," అంది కనకలక్ష్మి. "బాగాలేదన్నది నేనొక్కదాన్నే."