వోటు చాటుకు కట్టిన తెర

నేను ఒక ముతక నూలు తెరను. ఉప్పాడ మగ్గం మీద నన్ను నేసినవాడు దుప్పటి అనుకునే నేశాడు. భీమవరం దగ్గర ఒక రాజుల ఇంట్లో సావిడికీ లోపలి గదికీ మధ్య వేలాడదీశాక తెరనయ్యాను.

ఆ ఇంట్లో ఆడవాళ్లకు ఘోషా. సావిట్లో పరాయి మగవాళ్లు ఉంటే ఇల్లాలు బంగారయ్యమ్మ నా వెనక నిలబడి వినేది. స్వరాజ్యం వచ్చిందన్న కబురూ అలాగే వింది. నా కిందనుంచి మంచినీళ్ల చెంబు అందించి మళ్లీ నిలబడింది. మగవాళ్లు దేశం గురించి చాలా మాట్లాడేవారు. అందులో సగం తెర వెనక ఉందని మాత్రం ఎవరికీ తట్టేది కాదు.

దేశానికి తొలి ఎన్నికలు వచ్చాయి. అప్పట్లో పోటీచేసే ఒక్కొక్కరికీ ఒక్కో వోటు పెట్టె. బడిలో ఆ పెట్టెలకు చాటు కావాలంటే ఆమె భర్త నరసింహరాజు నన్నే పంపాడు. విప్పుతూనే ఆమెతో అన్నాడు:

"ఎడం పక్క చివరి పెట్టె మన బావగారిదండి. కాగితం అందులో వేసి వచ్చేయండి."

ఆమె తలూపింది.

మర్నాడు గూడుబండిలో వచ్చి, వేలికి సిరా పూయించుకుని, కాగితంతో నా వెనక్కి వచ్చింది. నన్ను గుర్తుపట్టి అంచు తడిమింది. బయట భర్త దగ్గు వినిపిస్తోంది. ఆయన లోపలికి రావడానికి వీల్లేదు. ఆమె ఎడం పక్కకు రెండడుగులు వేసి ఆగింది. చాలాసేపు నిలబడింది. తర్వాత ఎందులో వేసిందో నాకు తెలుసు. చెప్పను. చాటు కోసమే కదా నన్ను కట్టింది.

నన్ను ఇంటికి తెచ్చి మళ్లీ కడుతూ, ఎందులో వేశారని ఆయన అడిగాడు.

"ఎవరికీ చెప్పకూడదంటండి," అందామె.

"మొగుడిక్కూడానా?"

"మొగుడికని విడిగా ఏమీ చెప్పలేదండి వాళ్లు."

బావగారు గెలిచారు. ఆమె వోటుతోనా, లేకుండానా అన్నది నరసింహరాజుకు చివరిదాకా తెలియలేదు.

ఫలితాలన్నీ వచ్చిన రోజు సావిట్లో పేపరు చదువుతున్నారు. కోట్లమంది వేశారట, ఇంత పెద్ద ఎన్నిక ప్రపంచంలో ఎక్కడా జరగలేదట. మన దేశం సామాన్యమైంది కాదని మగవాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. అప్పుడు ఆమె నన్ను పక్కకు తీసి గడపలోకి వచ్చింది. చేతిలో చెంబు లేదు.

"ఆ కోట్లలో ఒకటి నాదండి," అంది.

నరసింహరాజు పేపరు మడిచి, మళ్లీ విప్పాడు. కాసేపటికి తన పక్కనున్న కుర్చీ మీది కండువా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమె వెళ్లి అందులో కూర్చుంది.

ఇప్పుడు నేను వంటింట్లో మసిగుడ్డను. వేడి గిన్నెలు దింపడమే నా పని. వోటు వేసొచ్చిన రోజుల్లో ఆమె సిరా వేలితోనే నన్ను పట్టుకుంటుంది. ఆ సాయంత్రం మాత్రం నన్ను కాస్త మెల్లగా ఉతుకుతుంది.