మంచుగడ్డ

తడిగుడ్డ పిండబోతే వేళ్ళు ముడుచుకోలేదు. నేల తుడుస్తున్న ఆమె అలాగే కూర్చుండిపోయింది. కుడి మోకాలి చిప్ప కింద, లోపలి నుంచి ఎవరో మెల్లగా తట్టినట్టయింది. మర్నాడు ఆ కీలు లోంచే సూదితో చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపుతారు. ఈసారి మాత్రలు మింగకుండా, వాపు ఉన్నది ఉన్నట్టుగా రమ్మంది డాక్టరమ్మ.

దాచుకోవడం ఆమెకు అలవాటు. ఆసుపత్రికి బయల్దేరే ముందు ప్రతిసారీ మోకాలికి మంచుగడ్డ కట్టుకుని, మాత్ర మింగి, వాపు దింపుకుని మరీ వెళ్ళేది. నలుగురిలో కుంటితే మొగుడికి నామోషీ. తీరా డాక్టరమ్మ నొక్కి చూస్తే అక్కడ ఏమీ ఉండేది కాదు. "చూశావా, అంతా నీ మనసులోనే ఉంది" అని ఇంటికొచ్చే దారి పొడుగునా మొగుడు అనేవాడు. పని కనబడితేనే దానికి నొప్పులొస్తాయని అత్తగారు పక్కింటావిడతో చెప్పడం వంటింట్లోకి వినబడుతూనే ఉండేది. వినీ వినీ ఆమెకే అనుమానం పట్టుకుంది. రేపు ఆ ముక్కల్లో ఏమీ లేదంటే, ఇక చచ్చేదాకా తనది వేషమే.

అంతకన్నా పెద్ద భయం నిన్న పొద్దున పుట్టింది. కూతురు బడికి వెళ్ళే ముందు ఫ్రిజ్ చాటున నిలబడి, పిడికిట్లో మంచుగడ్డ నలుపుకుంటోంది. వేళ్ళ కణుపులు ఉబ్బి ఉన్నాయి. ఏమైందే అంటే చేతులు చంకల్లో దాచుకుంది. "ఏం లేదమ్మా" అంది. అచ్చం తన గొంతే. అద్దంలో మనిషి మాట్లాడినట్టు ఆమె ఉలిక్కిపడింది.

మర్నాడు బడి మాన్పించి పిల్లనూ వెంటబెట్టుకొచ్చింది. మోకాలికి మత్తిచ్చి, దాని మీద స్కానింగు పరికరం ఆనించి, డాక్టరమ్మ తెర ఇటు తిప్పింది. నల్లటి సందులో ఏదో ఎర్రగా మినుకుమంటోంది, ఆరుతోంది, మళ్ళీ మినుకుమంటోంది.

"అదేంటమ్మా, ఊపిరి తీస్తున్నట్టుంది?"

"కీలు లోపలి పొర. వాచిపోయి రక్తం పరుగెడుతోంది. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే పొరబడి సొంత ఇంటి మీద పడ్డాయి."

"అయితే నిజంగా ఉన్నట్టేనా?"

"కళ్ళెదురుగా ఉంది కదమ్మా."

ఇంట్లో ఎవరూ నమ్మనిది ఇన్నాళ్ళూ అక్కడ మెలకువగా కూర్చుని తనను చూస్తోంది.

సూది టక్కుమంది. బియ్యపు గింజంత ముక్కలు సీసాలో పడ్డాయి. పరిశోధనకు ఇంకో రెండు ఇస్తారా అని అడిగింది డాక్టరమ్మ; వాటిని గడ్డకట్టించి దాచిపెడతారట, ఈమెకు ఒరిగేదేమీ లేకపోయినా రేపు ఇంకెవరికైనా అక్కరకు రావచ్చట.

"మనకెందుకండీ అవన్నీ, ఇంటి దగ్గర పనంతా అలాగే ఉంది" అన్నాడు మొగుడు గుమ్మం లోంచి. అతని వెనక కూతురు, చేతులు చంకల్లో పెట్టుకుని.

మోకాలి లోపల తట్టడం ఆగిపోయింది.

"తీసుకోండమ్మా" అంది ఆమె. "ఆ తర్వాత మా పిల్ల వేళ్ళు చూడండి. ఇంట్లో మంచుగడ్డలన్నీ పొద్దున్నే పారబోసి వచ్చాను."