మా ఆయన మంచితనానికి బహుమతి

మా కాలేజీలో ఈ ఏడాది కొత్తగా ఒక బహుమతి పెట్టారు. తోటివాళ్లతో మంచిగా మెలిగి, పదిమందినీ కలిపి ఉంచే ఉద్యోగికి ఇస్తారట. అది ఎవరికి వస్తుందో గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగినా చెబుతాడు. ఫీజుల కౌంటర్లో కూర్చునే మా ఆయనకు.

నేనూ అక్కడే, పరీక్షల విభాగంలో గుమాస్తాను. ఆయన మంచితనం రోజూ కళ్లారా చూస్తూనే ఉంటాను. ఎవరి బండి మొరాయించినా ఆయనే తోస్తారు. ఏడాదిగా అలిగి మాట్లాడుకోని అటెండర్లిద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి టీ తాగించిందీ ఆయనే. వరండాలో ఎదురైతే నన్నూ వదలరు, "టీ తాగారా మేడమ్?" అంటారు. ఇంటికొచ్చి చెప్పులు విప్పారంటే ఆ మంచితనం కూడా చెప్పులతోపాటు గుమ్మం బయటే ఉండిపోతుంది. పొద్దుటి నుంచి మాట్లాడి మాట్లాడి నోరు నొప్పట. నాకు మిగిలేవి ఆవులింతలే.

సరిగ్గా ఆ బహుమతి ఇచ్చే ఫంక్షన్ వారంలోనే నాకు దవడ పన్ను నొప్పి పట్టుకుంది. బుగ్గ బంతిలా ఉబ్బింది. పీకెయ్యాలన్నాడు డాక్టరు. ఆ మాట వింటేనే నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏమండీ, శుక్రవారం సాయంత్రం పన్ను తీస్తారట. మీరూ రండి, ఒక్కదాన్నే వెళ్లాలంటే భయంగా ఉంది," అన్నాను.

"శుక్రవారమా? ఫంక్షన్ అవగానే లైబ్రేరియన్ గారి బీరువా పై అంతస్తుకు ఎక్కిస్తానని మాటిచ్చానే. పన్నేగా, చిటికెలో పని. వెళ్లొచ్చెయ్."

నాకు ఒళ్లు మండింది. బీరువాకున్న అదృష్టం పెళ్లానికి లేకపోయింది.

శుక్రవారం హాలు నిండిపోయింది. గెలిచినవాళ్ల గురించి ఇంట్లోవాళ్లు రెండు మాటలు చెప్పాలని ప్రిన్సిపల్ గారు నన్ను మైకు దగ్గరికి పిలిచారు. నాలుగు మంచి మాటలు చెప్పి దిగిపోదామనే వెళ్లాను, ఒట్టు. గాజు బహుమతిని గుండెకు హత్తుకుని నవ్వుతున్న ఆయన్ని చూశాక నోరు ఆగలేదు.

"ఇందాకటి నుంచి మీరు చెప్పినవన్నీ విన్నాను. ఇంత మంచి మనిషిని నాకూ ఒకసారి పరిచయం చేస్తే బాగుంటుంది," అన్నాను.

హాలంతా గొల్లుమంది.

"ఇంకో గంటలో నాకు పన్ను పీకుతారు. చచ్చేంత భయంగా ఉంది. మీలో ఎవరైనా సిఫారసు చేస్తే ఆయన నాతో వస్తారేమో."

నవ్వులు ఆగిపోయాయి. ముందు లైబ్రేరియన్ గారు లేచారు. "నా బీరువాకేం తొందర? నేనొస్తాను పదండి," అన్నారు. "బండి తీస్తానమ్మా," అన్నాడు వెనక నుంచి కాలేజీ డ్రైవరు. అటెండర్లిద్దరూ ఒకేసారి లేచారు. చూస్తుండగానే నాకు తోడొస్తామంటూ సగం హాలు నిలబడింది. అంతా ఆయన పెంచిన మంచితనమే మరి.

మా ఆయన నవ్వు ఎప్పుడు పోయిందో పోయింది. లేచి వచ్చి, బహుమతి లైబ్రేరియన్ గారి చేతిలో పెట్టి, "మీరెవరూ రావద్దు, నేనే వెళ్తాను," అన్నారు.

దారంతా తల తిప్పకుండా బండి నడిపారు. పరువు తీశానని కోపమేమో అనుకున్నాను. డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఎవరో ముసలాయన కళ్లజోడు వెతుక్కుంటుంటే, అలవాటుగా లేవబోయి, నన్ను చూసి ఆగిపోయారు. నేనే చూపించాను, కళ్లజోడు ఆ ముసలాయన నెత్తి మీదే ఉందని.

లోపల సూది వేసి, నోటినిండా దూది కుక్కాడు డాక్టరు. మా ఆయన పక్కన నిలబడి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇంట్లో నీతో అసలు మాట్లాడనా నేను?" అని మెల్లగా అడిగారు.

ఆ ప్రశ్న కోసం ఎన్నేళ్లు ఎదురుచూశానో. అంట్లు తోముతూ, బట్టలు ఆరేస్తూ జవాబంతా తయారుచేసి పెట్టుకున్నాను. తీరా అడిగేసరికి పెదవి మొద్దుబారి ఉంది. "ఊఁ ఊఁ" అని మాత్రం వచ్చింది.

డాక్టరు పట్టకారు తీసుకున్నాడు.

"ఒక్క నిమిషం ఆగండి, ఆవిడేదో చెబుతోంది," అన్నారు మా ఆయన, నా నోటి దగ్గరికి వంగి.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకా నొప్పి తెలుస్తోందేమోనని డాక్టరు మరో సూది తీశాడు.