పక్క బటన్

డిపాజిట్ బాబాయ్ తిరిగొచ్చిన వ్యాను చుట్టూ నడుస్తూ రేకును అరచేత్తో నిమురుతున్నాడు. కౌంటర్లో డిపాజిట్లు పట్టేది ఆయనే కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. తలుపు అంచు, చక్రం పైన వంపు, వెనక బంపరు. కొత్త గీత ఉంటే వేలికి తగులుతుంది. ఆ అద్దె బళ్ళ యార్డులో అందరూ దాన్ని ఇరవై రెండేళ్ళ అనుభవం అనుకుంటారు. అనుభవమూ కాదు, గాడిదగుడ్డూ కాదు. ఏడాదిగా ఆయన చూపు నడిమధ్యలో మసక మచ్చ ఒకటి తిష్ఠ వేసుకుంది. జోడు మార్చినా పోయేది కాదని డాక్టరు చెప్పేశాడు. ఆ సంగతి తెలిసింది భార్య ఒక్కదానికే.

"గీతల్లేవు. పువ్వులా తెచ్చి అప్పజెప్పారు," అన్నాడు.

బండి తెచ్చినాయన వడ్రంగి. ఇంచుమించు బాబాయ్ ఈడువాడే. గోళ్ళ సందుల్లో రంపపు పొట్టు. చేసిన బీరువాను, మంచాన్ని ఎక్కడో దూరాన కొన్నవాళ్ళకి చేరవేయడానికి ఈ వ్యాను తీసుకున్నాడు. డిపాజిట్‌కి కార్డు కావాలంటే, తనకి లేక, అల్లుణ్ణి అడిగి తెచ్చాడు.

కౌంటర్ దగ్గర డిపాజిట్ వాపసు చీటీ చేతికొచ్చాక వడ్రంగి దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇదేంటండీ, తగ్గిందే? కార్డు రుసుము అని రాశారు."

బాబాయ్ చీటీని పక్కకి పట్టుకుని కంటికొసతో చూశాడు. కౌంటర్ మీది కార్డు మిషన్‌కి రెండు బటన్లు, పక్కపక్కనే. ఒకటి డిపాజిట్‌ను కార్డులోనే ఆపి ఉంచేది, దానికి ఖర్చు లేదు. రెండోది డబ్బును నేరుగా లాగేసేది. లాగితే బ్యాంకు తన రుసుము పట్టుకుంటుంది, తిప్పి పంపితే మళ్ళీ పట్టుకుంటుంది. అది కట్టుకోవాల్సింది బండి తీసుకున్నవాళ్ళేనని కంపెనీ రూలు. డిపాజిట్‌కి ఎప్పుడూ మొదటి బటనే నొక్కాలి. సోమవారం ఈయన బండి తీసుకెళ్ళినప్పుడు తన వేలు రెండోదాని మీద పడింది.

నిజానికి కోత పెద్దదేం కాదు. ఇద్దరు హోటల్లో కూర్చుని తింటే అయిపోయేంత. వడ్రంగి ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

"డబ్బుకి కాదండీ. పైసా తగ్గకుండా తిరిగొస్తుందని అల్లుడికి మాటిచ్చాను. ఒకప్పుడు అతని దగ్గర చేబదులు తీసుకుని ఆర్నెల్లు తిప్పించుకున్నాను లెండి. ఇప్పుడిప్పుడే మళ్ళీ నమ్ముతున్నాడు. ఈపాటికి మెసేజ్ వెళ్ళే ఉంటుంది. పాపం, మా అమ్మాయి అతని ముందు తల దించుకోవాలి."

'బ్యాంకు వాళ్ళ కోతండీ, మా చేతిలో ఏమీ లేదు' అని, అద్దె ముందే కట్టి తర్వాత బండి వద్దనుకున్నవాళ్ళకి బాబాయ్ ఎన్నిసార్లు చెప్పలేదు? అప్పుడది నిజం. ఈరోజు అబద్ధం. నిజం చెబితే కళ్ళ సంగతి బయటపడుతుంది, పక్క కుర్చీలో మేనేజరమ్మ వింటూనే ఉంది. ఈ కుర్చీ తిండి పెట్టింది, ఇల్లు కట్టించింది, నానారకాల మనుషుల్ని చూపించింది. దీన్ని వదులుకుని ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ ఎలా కూర్చోవడం?

"మీ అల్లుడి నంబరు చెప్పండి," అన్నాడు చివరికి. వడ్రంగి చెబుతుంటే ఫోన్ కలిపాడు.

"బాబూ, అద్దె బళ్ళ కౌంటర్ నుంచి మాట్లాడుతున్నాను. మీ మావగారు బండిని గీత పడకుండా తెచ్చిచ్చారు. మీ డబ్బులో కోత పడింది నా వల్ల. నాకు చూపు ఆనక పక్క బటన్ నొక్కాను. అది నేను కట్టుకుంటాను. ఆయన్నేమీ అనుకోకండి."

అల్లుడి గొంతు ఫోన్లోంచి పైకే వినిపించింది.

"అయ్యో, దానికేముందండీ. ఒకసారి మావయ్యకివ్వండి... మావయ్యా, ఎలాగూ ఊళ్ళోకి వచ్చేశారుగా, భోజనానికి ఇటే రండి."

వడ్రంగి ఫోను తిరిగిచ్చి, బాబాయ్ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. వడ్రంగి చూపు ఒకసారి ఆ మిషన్ బటన్ల మీద ఆగింది. "మీ మేలు మర్చిపోనండీ," అని మాత్రం అనగలిగాడు.

ఆయన వెళ్ళాక మేనేజరమ్మ మెల్లగా అడిగింది.

"ఎన్నాళ్ళ నుంచి, బాబాయ్?"

"ఏడాదైంది తల్లీ."

"ఆ కోత ఆఫీసు భరిస్తుందిలెండి. కానీ కౌంటర్లో ఇక..."

"నీకు నోరు రాదులే, నేనే చెబుతాను. రేపట్నుంచి రాను."

సాయంత్రం దాకా మామూలుగానే పని చేశాడు. బటన్ మాత్రం మేనేజరమ్మే నొక్కింది. వెళ్ళేముందు భార్యకి ఫోన్ చేశాడు.

"చెప్పేశానే."

"గుండెల మీద బరువు దిగిందా?"

"దిగింది."

"అయితే బస్సులో ముందు సీటు చూసుకుని కూర్చోండి. ఎదురొస్తాను."

ఇన్నేళ్ళలో ఎన్ని తిట్లు తిన్నాడో లెక్క లేదు. అయినా యార్డు దాటుతుంటే గుర్తొచ్చినవన్నీ మంచి ముఖాలే. తాను ఇక్కడ చల్లగా బతికాడు. అంతకంటే ఏం కావాలి అనుకున్నాడు.

నాలుగో రోజు వడ్రంగి కాగితంలో చుట్టిన పొట్లంతో వచ్చాడు. కుర్చీలో కొత్తమ్మాయి ఉంది.

"ఆయన మానేశారండీ."

వడ్రంగి పొట్లం విప్పాడు. మిషన్ మీద అమరేలా కోసిన పలచని చెక్క. మొదటి బటన్ దగ్గర కిటికీ, వేలు దానంతటదే అక్కడికి జారేలా చిన్న గాడి. రెండో బటన్ మీద ఎత్తితేగానీ తెరుచుకోని మూత.

"ఇది ఉంటే ఆయన మళ్ళీ కూర్చోవచ్చనుకున్నానమ్మా. పోనీ, ఇక్కడే ఉండనివ్వండి," అని వెళ్ళిపోయాడు.

ఆ అమ్మాయి కళ్ళు బాగానే ఉన్నాయి. అయినా దాన్ని మిషన్ మీద పెట్టి చూసింది, సరిగ్గా కూర్చుంది. వేలికి గుచ్చుకోకుండా అంచులన్నీ నున్నగా అరగదీసి ఉన్నాయి.